ఖాళీ ఇంట్లో తిరిగిన మీటరు

"పిలగాడు పారిపోయిండు. నువ్వేమో పొద్దుగాల్నుంచి నల్లా మీటర్లు చూసుకుంట తిరుగుతున్నవ్" అన్నాడు విష్ణువర్ధన్, కుర్చీ వెనక్కి వాల్చి.

త్యాగరాజు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. శనివారం ఉదయం తొమ్మిదీ నలభై అయింది. సాయి కిరణ్ కనబడకుండా పోయి దాదాపు నలభై రెండు గంటలు. చిన్నతనం నుంచి మధుమేహం ఉన్న ఆ కుర్రవాడు చివరిసారి ఇన్సులిన్ వేసుకున్నది గురువారం ఉదయం ఏడింటికి. తరువాతి మోతాదులున్న పౌచి, నోయిడాలోని ఈ శాల్మలి హైట్స్ సొసైటీ విజిటర్ల పార్కింగులో, అతని స్కూటరు సీటు కింద దొరికింది. దాన్ని వెతికి పట్టుకున్న అతని అక్క సునంద ఇప్పుడు త్యాగరాజు పక్కనే నిలబడి ఉంది. కూర్చోమని ఆమెతో ఎవరూ అనలేదు. కంటోన్మెంటు ఆసుపత్రిలో నర్సు కనుక, తమ్ముడికి ఇంకెంత వ్యవధి ఉందో ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఆదివారం తెల్లవారేదాకా బతికి ఉండడం కష్టమని ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ కన్నీళ్ళు లేకుండా.

సాయి కిరణ్ ఒక పరిశోధనా సంస్థలో గణకుడు. ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు నిజంగా ఖాళీగా ఉన్నాయో, ఎన్నింటిని యాత్రికులకు రోజువారీ అద్దెకు తిప్పుతున్నారో లెక్కించడం అతని పని. సొసైటీ ఇచ్చే జాబితాను నమ్మడం ఆ సంస్థ పద్ధతి కాదు. ప్రతి ఫ్లాటుకూ కరెంటు మీటరు, నీళ్ళ మీటరు వరండాలోని అరలో ఉంటాయి. ఒకరోజు రెండూ చూసి రాసుకుని, రెండు రోజుల తరువాత మళ్ళీ చూస్తారు. ఆ మధ్యలో ఇంటింటికీ వెళ్ళి తలుపు తడతారు. మనిషి అబద్ధమాడవచ్చుగాని నీళ్ళ మీటరుకు ఆ విద్య రాదు.

గురువారం మధ్యాహ్నంలోగా సాయి కిరణ్ సి టవరులోని డెబ్బై రెండు ఫ్లాట్ల మీటర్లూ చూసి, రాసిన ప్రతి పేజీకీ ఫోటో తీసి సంస్థకు పంపాడు. తరువాత పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. గణకుల అలవాటు ప్రకారం, పూర్తయిన ప్రతి గుమ్మం పక్కనా సుద్దముక్కతో ఒక అడ్డగీత గీశాడు. చివరి గీత 1404 పక్కన ఉంది. దాని కింద రాసిన వేళ మూడూ యాభై. ఆ తరువాత ఏ గుమ్మానికీ గీత లేదు.

"నాలుగు యాభై రెండుకు గేటు దాటిండు. పచ్చ జాకెట్ తోని కెమెరాల పడ్డడు. 1602ల గెస్టు లాప్‌టాప్ సంకల వెట్టుకొని పోయిండు. ఇంకేం గావాలె నీకు?"

విష్ణువర్ధన్ పోలీసు శాఖలో డీఎస్పీగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఢిల్లీలోని సాకేత్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచినవాడు. దొంగతనం సంగతి తేల్చమని సొసైటీ అతన్ని పిలిపించింది. త్యాగరాజు ముప్ఫై ఒక్కేళ్ళు కేంద్ర గణాంక శాఖలో దొంగ ఫారాలు పట్టుకుంటూ గడిపి, ఇప్పుడు సాయి కిరణ్ సంస్థలో గణకులకు పాఠాలు చెబుతున్నవాడు. ఇద్దరికీ పదేళ్ళ పరిచయం ఉంది. ఆ పదేళ్ళలో ఒకరి గురించి ఒకరు మంచిమాట అన్న రోజు లేదు.

త్యాగరాజు జేబులోంచి ఒక డ్రైవింగ్ లైసెన్సు తీసి బల్లమీద పెట్టాడు. పనిమీద లోపలికి వచ్చేవారు గేటు దగ్గర గుర్తింపు కార్డు వదిలి పాసు తీసుకోవాలి. పోయేటప్పుడు పాసు తిరిగిచ్చి కార్డు తీసుకోవాలి. సాయి కిరణ్ కార్డు ఇంకా గార్డు సొరుగులోనే పడి ఉంది.

"పారిపోయేవాడు తన పేరూ, ఫోటోనూ, ఇంటి చిరునామానూ కాపలావాడికి అప్పజెప్పి పారిపోతాడా, విష్ణువర్ధన్ గారూ? కెమెరాలో కనబడినది జాకెట్టు. మొహం కాదు."

"తొందరల మర్చిపోయిండు."

"సరే, మరిచిపోయాడు. ఇంకొకటి చెప్పండి. మీ సొసైటీ జాబితాలో 1602 ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంట్లో గెస్టు ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

విష్ణువర్ధన్ బల్లకు ఆవల కూర్చున్న ఎస్టేట్ మేనేజర్ నిరంజన్ వైపు చూశాడు. ముప్ఫై అయిదేళ్ళ నిరంజన్ ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమయ్యేదిగాని నోటికి హిందీయే వచ్చేది. అతని వెనక గోడకు కొక్కేల పలక, ఒక్కో కొక్కేనికీ ఒక్కో ఫ్లాటు తాళంచెవి. బదిలీమీద దూరం వెళ్ళిన ఆఫీసర్లు, సైన్యంలోవాళ్ళు నెలకోసారి కిటికీలు తెరిపిస్తారని నమ్మి ఇచ్చిన తాళంచెవులవి.

"అంకుల్, కభీ కభీ ఓనర్ కే రిష్తేదార్ ఆతే హై" అన్నాడు నిరంజన్. అప్పుడప్పుడు యజమానుల చుట్టాలు వచ్చి దిగుతారట.

త్యాగరాజు తన పుస్తకం తెరిచాడు. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా సునంద అంకెలు చదువుతుంటే తానే రాసుకున్న పట్టిక అది. సి టవరులో ముప్ఫై ఒక్క ఇళ్ళు ఖాళీ అని సొసైటీ చెబుతోంది. వాటిలో పంతొమ్మిదింటికి నీళ్ళూ సున్నా, కరెంటూ సున్నా. అవి నిజంగానే ఖాళీ. పదకొండింటిలో రెండు మీటర్లూ జోరుగా తిరిగాయి.

"పదకొండు ఇళ్ళలో ఒకేసారి చుట్టాలు దిగారు. ఈ రెండు రోజులూ అందరూ ఉన్నారు, అందరూ గీజర్లు వేసుకున్నారు. పెళ్ళేమైనా ఉందా బాబూ ఇక్కడ?"

నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. పరుల తాళంచెవులతో అతను నడుపుతున్న సత్రం సంగతి ఆ క్షణంలో విష్ణువర్ధన్‌కు కూడా అర్థమయింది. అయినా తనను పిలిపించినవారి పరువు అతనికి అడ్డు వచ్చింది. దొడ్డిదారి వ్యాపారం వేరు, మనిషి మాయం కావడం వేరు, ఆ ముడి ఎట్లా పడుతుందో చూపించమన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. త్యాగరాజు కూడా తనను తాను అదే అడుగుతూ పధ్నాలుగు అంతస్తులు దిగి వచ్చాడు.

"ముప్ఫై ఒకటిలో పంతొమ్మిదీ పదకొండూ పోతే ఒకటి మిగులుతుంది. 1403. అందులో కరెంటు సున్నా. నీళ్ళు మాత్రం అయిదువందల తొంభై లీటర్లు."

జనవరి నెలలో నోయిడాలో దీపం వేయకుండా, నీళ్ళు కాచుకోకుండా రెండు రోజులు ఉండే అతిథి ఎవడూ ఉండడు. మనిషన్నవాడే లేకపోతే నీళ్ళు కదలవు. గుడిలో దేవుడు పాలు తాగాడంటే నమ్మేవాళ్ళున్నారుగాని, ఖాళీ ఇల్లు నీళ్ళు తాగిందంటే నమ్మడానికి త్యాగరాజు సిద్ధంగా లేడు. సుద్దగీతల వరస ప్రకారం 1404 తరువాత సాయి కిరణ్ తట్టవలసిన తలుపు కూడా అదే.

"లీకేజ్ హోగా" అన్నాడు నిరంజన్ వెంటనే, ఎక్కడో కారుతోందని. విష్ణువర్ధన్ తల ఊపాడు.

తలుపు తెరవమని సునంద అడిగింది. యజమాని అనుమతి లేనిదే తెరవనని నిరంజన్ భీష్మించుకున్నాడు. యజమాని పేరు బసవరాజు, నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయినవాడు, భార్య పోయిన తరువాత ఎనిమిది నెలలుగా విశాఖపట్నంలో ఉంటున్నాడు. నిరంజన్ తన ఫోను తీసి, తానే నంబరు కలిపి, అందరూ వినేటట్టు బల్లమీద పెట్టాడు. అప్పుడు పదీ పది.

ఎనిమిదిసార్లు మోగాక ఒక వృద్ధుడి గొంతు పలికింది. త్యాగరాజు తానెవరో, సంగతేమిటో రెండు ముక్కల్లో చెప్పి తలుపు తెరవడానికి అనుమతి అడిగాడు.

"వద్దండీ. నా ఇల్లు ఎవరూ ముట్టుకోవద్దు. నేను విశాఖపట్నంలో ఉన్నాను."

"మీ ఇంట్లో నీళ్ళు నడుస్తున్నాయి, బసవరాజు గారూ."

"అలాగా. వచ్చేటప్పుడు మీటరు పక్క వాల్వు నా చేత్తో నేనే కట్టేసి వచ్చానండీ. కనుక అది లీకేజీయే అయివుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు నీళ్ళ పంపకమే చేసినవాణ్ణి, నాకు తెలీదా?"

ఫోను తెగిపోయింది. విష్ణువర్ధన్ లేచి నిలబడి కథ ముగిసిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు. త్యాగరాజు మాత్రం ఆ ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. వాల్వు కట్టేస్తే ఆవల గొట్టంలో నీళ్ళే ఉండవు. నీళ్ళు లేని గొట్టం కారదు. వీధిలో కుళాయి పట్టుకునే ఆడవాళ్ళకు కూడా తెలిసిన సంగతి ముప్ఫై నాలుగేళ్ళ ఇంజనీరుకు తెలియకపోవడం ఏమిటి? ముసలాయన అబద్ధమాడుతున్నాడు, ఆ అద్దెల్లో ఆయనకూ వాటా ఉంది అని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయానికి త్యాగరాజు తరువాత చాలా సిగ్గుపడవలసి వచ్చింది.

"పైకి రండి" అన్నాడు విష్ణువర్ధన్‌తో. "తలుపు ముట్టుకోను. మీటరు చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా."

పధ్నాలుగో అంతస్తు వరండాలో నాలుగు తలుపులు. వాటిలో మనుషులున్నది ఒక్క 1404లో. ఆ ఇంటి దంపతులు పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్ళు. పైనా కిందా ఉన్న ఇళ్ళు ఖాళీ. అరిస్తే వినేవాళ్ళుండరని సునంద గోడలవైపు చూస్తూ మెల్లగా అంది. ఇంటికి ఇంకో దారి ఉందా అని త్యాగరాజు అడిగితే, వంటింటి వెనక పనివాళ్ళ తలుపు ఉందని, ఖాళీ ఇళ్ళకు దాన్ని సీలు వేసేస్తామని నిరంజన్ చెప్పాడు. త్యాగరాజు ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళి చూడలేదు.

మీటర్ల అర తెరిచారు. 1403 వాల్వు పిడి గొట్టానికి సమాంతరంగా ఉంది. అంటే పూర్తిగా తెరిచి ఉంది. త్యాగరాజు దాన్ని వేలితో చూపించాడు. విష్ణువర్ధన్ వంగి చూసి, మూతి బిగించి, గోడకు ఆనుకున్నాడు.

పదీ ముప్ఫై ఒకటికి మీటరులోని ఎర్రచక్రం గిర్రున తిరిగి ఆగింది. ఏడు లీటర్లు.

"చూసినవా, లీకేజీ" అన్నాడు విష్ణువర్ధన్.

"లీకేజీకి విరామం ఉండదు. కారితే కారుతూనే ఉంటుంది. ఏడు లీటర్లు ఒక్క విడతలో నడిచి ఆగిపోయిందంటే, అది టాయిలెట్ ట్యాంకు నిండడం. ఎవరో ఫ్లష్ నొక్కారు."

పదీ యాభై రెండుకు మళ్ళీ ఏడు లీటర్లు. ఇరవై ఒక్క నిమిషాల తేడా. ఇన్సులిన్ అందని మనిషికి రక్తంలో చక్కెర పెరిగి, ఆ చక్కెరను తోసేయడానికి శరీరం నీళ్ళన్నీ బయటికి పంపుతుందని, ఎంత తాగినా దాహం తీరదని, మాటిమాటికీ లేవక తప్పదని సునంద వివరించింది. ఆమె గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. చేతిలో పౌచి మాత్రం నలిగిపోతోంది. అంబులెన్సును అప్పటికే పిలిపించి గేటు దగ్గర నిలబెట్టింది.

త్యాగరాజు పుస్తకం అంచున ఒక లెక్క వేశాడు. అంత జబ్బు చేసినవాడు ఈ వ్యవధిలో నలభైసార్లు లేచాడనుకున్నా ఫ్లష్‌కు రెండువందల ఎనభై లీటర్లు. తాగిందీ కడుక్కుందీ కలిపితే మూడువందలు. మీటరు అయిదువందల తొంభై అంటోంది. దాదాపు రెట్టింపు. స్నానాలు చేసి ఉంటాడులే అనుకుని ఆ తేడాను పక్కన పెట్టేశాడు.

ఇక అడ్డు చెప్పలేక, నిరంజన్ తాళంచెవి తెస్తానని పదకొండింటికి కిందికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. ఎర్రచక్రం కూడా కదలలేదు. పదకొండూ ఇరవై అయింది.

"ఆగిపోయింది" అన్నాడు విష్ణువర్ధన్. అతని గొంతులో వెటకారం సగమే మిగిలింది. "అంటే నీ మనిషి లేనట్లే గద."

సునంద అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"దాహం ఆగిపోయిందంటే నయమైనట్టు కాదు సార్. స్పృహ పోతున్నట్టు. మీరు పోలీసుగా చేశారు కదా. తలుపవతల మనిషి చచ్చిపోతున్నాడని తెలిస్తే ఎవరి పర్మిషన్ అడిగేవారు?"

అతను ఆమెనూ, మీటరునూ మార్చి మార్చి చూశాడు. తరువాత కోటు విప్పి త్యాగరాజు చేతిలో పడేశాడు.

"తప్పయిందంటే కేసు నీ మీదనే ఏస్త, లెక్కల మాస్టర్. యాదుంచుకో."

మూడో తన్నుకు గొళ్ళెం ఊడి తలుపు గోడకు కొట్టుకుంది.

లోపల చీకటి. మెయిన్ స్విచ్ దించేసి ఉంది. హాలు పక్క బాత్రూముకు బయటినుంచి కొత్త గడియ బిగించి ఉంది. విష్ణువర్ధన్ దాన్ని లాగేలోపే సునంద అతన్ని తోసుకుని లోపలికి దూరింది. సాయి కిరణ్ నేలమీద గోడకు జారబడి ఉన్నాడు. పెదవులు పగిలిపోయాయి. ఊపిరి మాత్రం పరుగెత్తివచ్చినవాడిలా లోతుగా, గబగబా ఆడుతోంది. మగ్గిన పండ్ల వాసన గదంతా నిండింది. ఆమె అతని వేలు పొడిచి చక్కెర మీటరుకు నెత్తురు తాకించింది. అది అంకె చూపలేదు. కొలతకు అందనంత ఎక్కువ అని మాత్రం చెప్పింది. సునంద ఆసుపత్రికి ఫోను చేసి, అక్కడి డాక్టరు చెప్పిన మోతాదు తీసి, సూది గుచ్చింది. విష్ణువర్ధన్ కింద ఉన్న అంబులెన్సువాళ్ళకు ఫోనులో అరిచి చెప్పాడు.

త్యాగరాజు టార్చి వెలిగించి గోడవైపు తిప్పాడు. పలకల మీద సుద్దముక్కతో, వంకరపోతున్న అక్షరాల్లో, ఒక ఫారం నింపి ఉంది. గదిలో బంధించి వదిలేస్తే గణకుడు చేసిన పని అది. బహుశా మతి తప్పకుండా ఉండడానికి అదొక్కటే దారి అయి ఉంటుంది.

ఫ్లాటు: 1403. తాళం: బయటినుంచి. స్థితి: ఖాళీ కాదు. ఉన్నవారి సంఖ్య: 2. ఒకటి, గణకుడు. రెండు, యజమాని బసవరాజు, రెండో బాత్రూములో. గురువారం చెప్పకుండా ఊరినుంచి వచ్చి, అద్దెల సంగతి పట్టుకున్నారు.

త్యాగరాజు టార్చిని ఆ రెండు అంకె మీద నిలిపాడు. అయిదువందల తొంభై. రెట్టింపు. కొలతకూ ఊహకూ తేడా వస్తే ఊహను మార్చుకోవాలిగాని కొలతను సర్దకూడదని వందలమందికి పాఠం చెప్పిన మనిషి, ఒక నిండు ప్రాణాన్ని స్నానాల కింద రాసేశాడు. ఆ ముసలాయన ఫోనులో ఆడిన అబద్ధం వాటా కోసం కాదు. ఎవడో పక్కన నిలబడి మెడమీద కత్తి పెట్టి పలికిస్తుంటే, వినేవాడికి బుర్ర ఉంటే పట్టుకుంటాడని, కట్టేసిన వాల్వు కారుతోందని చెప్పాడు. అంతకన్నా గట్టిగా ఏ ఇంజనీరు కేకవేయగలడు?

రెండో బాత్రూము తలుపు తెరిచి ఉంది. నేల ఇంకా తడిగా ఉంది. మనిషి లేడు.

"పెద్దాయన..." సాయి కిరణ్ కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఇప్పుడే... వెనకనుంచి... నా జాకెట్ వేసుకున్నవాడు..."

వంటింటి వెనక తలుపుకు సీలు లేదు. ఆ సీలు ఎన్నడూ వేసినట్టు లేదు. విష్ణువర్ధన్ దాన్ని తన్నుకుంటూ బయటికి దూకాడు. ఎదురుగా, పిలిస్తే ఎంతసేపటికోగాని రాని పనివాళ్ళ లిఫ్టు. దాని తలుపులు అప్పుడే మూసుకున్నాయి.

త్యాగరాజు వెనకే వచ్చి, నిరంజన్ ఫోనులో చూసి రాసుకున్న బసవరాజు నంబరు తన ఫోనులో నొక్కాడు. విశాఖపట్నంలో మోగవలసిన ఫోను, మూసుకున్న ఆ ఇనుపతలుపుల వెనక, కిందికి జారిపోతూ మోగడం మొదలుపెట్టింది. ఇద్దరూ లిఫ్టు పైనున్న ఎర్ర అంకెలు చూశారు. పధ్నాలుగు. పదమూడు. పన్నెండు. మోత ఠక్కున ఆగింది. ఎవరో ఫోను నొక్కేశారు. అంకె పదకొండు దగ్గర నిలిచిపోయింది.

"పదకొండుల ఎవలుంటరు?" అన్నాడు విష్ణువర్ధన్, మెట్లవైపు పరుగు తీయబోతూ. ఆ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

త్యాగరాజు పుస్తకం తెరవలేదు. ఆ వరస అతనికి కంఠతా వచ్చు. పదకొండో అంతస్తులో నాలుగిళ్ళు. నీళ్ళు సున్నా, కరెంటు సున్నా.

"ఎవరూ ఉండరు" అన్నాడు. "నాలుగూ నిజంగానే ఖాళీ."